టైగర్‌కు పట్టించిన ఉప్పునీళ్లు

పశుసంవర్ధక శాఖలో నా ఆఖరి పోస్టింగు రేపల్లె. హోదా సహాయ సంచాలకుడు, అంటే ఏరియా పశువైద్యశాలకు పెద్ద డాక్టరు. తెనాలి, బాపట్లలో పనిచేసి వచ్చేసరికి గేదెల గురించి నాకు కొంత తెలుసని నమ్మకం కుదిరింది. కుక్కల గురించి కూడా తెలుసనే అనుకున్నాను. రిటైరయ్యే ముందు ఏడాది, వరి ఊడ్పులు అయిపోయాక, ఒక ఉదయం ఆసుపత్రి ముందు ఆటో ఆగింది.

నగరం మండలంలోని ఒక పల్లె నుంచి కరుణమ్మ టీచరు తన కుక్కను తెచ్చింది. నాటు కుక్క. పేరు టైగర్. పిల్లి ఎదురైతే దారి ఇచ్చే రకమట. వెంట ఆమె పొలాన్ని కౌలుకు చేసే సుబ్బారావు, ఎదురింటావిడ ఉన్నారు. కుక్క నిలబడలేకపోతోంది. ఒళ్లంతా అదురుతోంది.

"గుళికలు తినేసిందండి," అంది టీచరు. గుళికలంటే వరిచేలో పురుగుకు చల్లే మందు. టీచరు పెరట్లో సుబ్బారావు ఉంచిన ప్యాకెట్టును టైగర్ కరుచుకుని లాగుతుంటే చూశారట.

"నావల్లే సార్," అన్నాడు సుబ్బారావు.

"నోర్ముయ్యరా, ఇంకా బతికే ఉందిగా," అంది టీచరు. అతను ఆమె దగ్గర చదువుకున్నవాడే.

గుళికల విషానికి లక్షణాలు స్పష్టంగా ఉంటాయి. నోటి వెంట చొంగ కారుతుంది, కనుపాప గుండుసూది మొనంత అవుతుంది. విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షను. సిరంజిలోకి మందు ఎక్కించి, టార్చి వేసి కన్ను చూశాను. కనుపాప మామూలుగానే ఉంది. నోరు పొడిగా ఉంది. సిరంజి పక్కన పెట్టాను.

"ఇంటి దగ్గర ఏమైనా పట్టించారా?"

"ఉప్పునీళ్లండి," అన్నారు ముగ్గురూ, కాస్త గర్వంగానే. మా డెల్టాలో పురుగుమందు తాగినవాడికి వాంతి చేయించడానికి ఇంటింటా తెలిసిన వైద్యం అది. సుబ్బారావు చెంబుడు పట్టించాడు. వాంతి కాలేదు. "నువ్వు ఉప్పు సరిగ్గా వెయ్యలేదు అన్నాయ్," అని ఎదురింటావిడ మరింత చిక్కగా కలిపి పట్టించింది. దారిలో ఆటో డ్రైవరు కూడా ఆపి, కల్లుప్పయితేనే పనిచేస్తుందని తన వంతు కానిచ్చాడు. అందరికీ ఆ కుక్కంటే ప్రేమే.

"మంచినీళ్లు పెట్టారా?"

"చుక్క కూడా పెట్టలేదండి," అంది టీచరు. "నీళ్లు తాగితే విషం ఒళ్లంతా పాకుద్దంటారుగా. గిన్నె దగ్గరికి డేక్కుంటా వస్తుంటే నేనే లాగేశాను."

ఈ లక్షణాలు గుళికలవి కావు, ఉప్పువి.

రక్తంలో ఉప్పు పెరిగితే అది మెదడులోని నీటిని బయటికి లాగేస్తుంది. తూలడం, అదరడం, మూర్ఛ అందుకే. ఫిట్స్‌కు ఇంజెక్షను ఇచ్చి, ఉప్పు లేని డెక్స్‌ట్రోజ్ బాటిల్ పెట్టాను. "సెలైన్ ఎక్కించండి సార్, లేచి కూర్చుంటది," అన్నాడు ఆటో డ్రైవరు. అదీ ఉప్పునీళ్లేనని చెప్పాను.

మధ్యాహ్నానికి టైగర్ పోయింది.

గుళికలు ఎన్ని తిన్నదో చూడమంది టీచరు. పోస్టుమార్టం చేశాను. కడుపులో రాత్రి తిన్న అన్నం తాలూకు మెతుకులు, ఉప్పుకు ఎర్రగా కమిలిన పొర. గుళిక ఒక్కటీ లేదు.

"అసలు తినలేదా?"

"లేదమ్మా."

సుబ్బారావు గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. టీచరు అతని వైపు చూసి, "నువ్వు ఏడవకురా. గిన్నె తీసింది నేను," అంది.

కుక్కకు ఉప్పు పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. అన్నంలో కలిసే కాస్త ఉప్పుతో, పక్కన నీళ్లుంటే, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఏమీ కాదు. ఊరగాయ, ఉప్పుచేప వద్దు. వాంతి కోసం ఉప్పునీళ్లు ఎప్పుడూ వద్దు. నీళ్ల గిన్నె ఎవరూ తీయకూడదు. మిగిలిన సర్వీసులో విషం కేసు ఏది వచ్చినా, జంతువు ఏం తిన్నదన్నది నా రెండో ప్రశ్న. మీరేం పట్టించారన్నది మొదటిది.