గంగారాం మేస్త్రీ సెంట్రింగ్ విప్పిన ఆదివారం

గ్రాంట్ రోడ్‌లో బస్సెక్కితే గంగారాం మేస్త్రీ పక్కన మాత్రం కూర్చోకూడదు. కూర్చున్నారా, దిగేదాకా మీ చెవులు మీవి కావు. "అగో, ఆ ఏడో ఫ్లోర్ సజ్జ నాది. అగో, ఆ దవాఖాన మెట్లు మా నాయినయి" అంటూ సగం బొంబాయిని ఆయన మీకు చూపించి తీరతాడు. అబద్ధమూ కాదు. తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చాడు, తండ్రి ఇటుక పేర్చాడు, ఈయన నలభై ఏళ్లు స్లాబులు పోయించాడు. ఇంత నగరం కట్టినవాడు ఉండేది మాత్రం కామాఠిపురా తొమ్మిదో గల్లీలో, చాలు అనే వరస గదుల పాత భవనం మూడో అంతస్తులో, పదడుగుల గదిలో. ఆ గదిని తిట్టకుండా ఆయనకు ఒక్క పూట కూడా గడవదు.

మోకాళ్లు మొరాయించి పని మానేశాక మేస్త్రీతనం ఇంట్లోకి వచ్చిపడింది. భార్య వజ్రమ్మ రొట్టెల పీట మీద రసమట్టం పెట్టి, వంకర ఉందని తేల్చాడు. పక్కింటివాళ్లు కొత్తగా వేసుకున్న టైల్స్‌ను కర్రతో కొట్టి చూసి, బోలుగా ఉన్నాయని చెప్పి వచ్చాడు.

"కోమల్, ఈనకు ఏదన్న పని చూపియ్యే. లేకుంటే ఈనన్న ఉంటడు, నేనన్న ఉంట" అంది వజ్రమ్మ, మనవరాలితో.

కోమల్‌కు ఇరవై మూడేళ్లు. నాగ్‌పాడాలో కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. తన పాత ఫోన్ తాత చేతిలో పెట్టి, తనూ తన స్నేహితులూ ఆడే ఆటలో ఆయన్ను చేర్పించింది. చెట్లు కొట్టాలి, రాయి తవ్వాలి, ఇల్లు కట్టాలి, ఆకలికీ చలికీ చావకుండా నిలబడాలి. అందరూ ఒకే లోకంలో ఉంటారు, ఎవరి ఫోన్లో వాళ్లు. ఈ గల్లీలోనే కలిసి పెరిగిన పూనం ఇప్పుడు విరార్‌లో ఉంటోంది, స్వప్నిల్ ధారావిలో. ముగ్గురూ కలవడానికి వీలు పడేది ఆ ఆటలోనే. ఐదు నెలలుగా అక్కడ ఒక పెద్ద హాలు కడుతున్నారు. మధ్యలో ఒక్క గోడ కూడా ఉండకూడదని ముగ్గురి పంతం. పుట్టినప్పటి నుంచీ మోచేతులు తగిలే గదుల్లో పెరిగినవాళ్లు మరి.

గంగారాం మొదట నవ్వాడు. "ఇటుక లేదు, సిమెంట్ లేదు, ఇదేం కట్టుడు?" అన్నాడు. నాలుగో రోజుకు వజ్రమ్మ పిలిచినా పలకడం మానేశాడు. ఇంకో వారానికి పిల్లలంతా మేస్త్రీ చెప్పినట్టే వింటున్నారు. హాలు పైకప్పుకు కింద పన్నెండు కర్రలు ఆనించి, పైన రాయి పరిపించింది ఆయనే. పరిపించాక ఆటలోని తన బొమ్మ చేతికి బకెట్ ఇచ్చి, రోజూ నదికి నడిపించి, కప్పు మీద నీళ్లు కూడా పోశాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నవ్వారే గాని, ఎందుకు పోస్తున్నావని ఒక్కరూ అడగలేదు. అక్కడే వచ్చింది తంటా.

స్లాబుకు ఇరవై ఒక్క రోజులు నీళ్లు పట్టి, ఆపైన సెంట్రింగ్, అంటే కింద ఆనించిన కర్రలు, విప్పాలి. నలభై ఏళ్లుగా గంగారాం చేసింది అదే. ఆటలో ఒక రోజంటే మన ఇరవై నిమిషాలు. ఆయన లెక్క తప్పకుండా ఇరవై ఒకటీ లెక్కపెట్టాడు. అది నిండింది ఓ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. అదే రోజు సాయంత్రం ఆరుకు ఆటలో మంచు తుఫాను వస్తుంది. మామూలు రోజుల్లో చచ్చినవాడు తన మంచం మీద మళ్లీ లేస్తాడు. తుఫానులో చచ్చినవాడు లేవడు. అందరూ పోతే ఆ లోకమే మూతపడుతుంది. "ఇది పోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఎవ్వరికి లేదు తాతా. ఎవరి దారి వాళ్లదే" అని కోమల్ ముందు రోజే చెప్పింది. అందుకే గంగారాం, తుఫాను వచ్చేలోగా హాలు శుభ్రంగా ఉండాలని, కోమల్ కూరగాయలకు కిందికి పోగానే గొడ్డలి పట్టుకున్నాడు.

ముందు మూడుసార్లు కేక వేశాడు. "కింద ఎవరన్న ఉన్నరా?"

ఆ కేక వెనక ఒక మనిషి ఉన్నాడు. ముప్పై ఐదేళ్ల కింద పరేల్‌లో ఒక పనిలో ఇలాగే మూడుసార్లు అడిగి, జవాబు లేకపోతే ఎవరూ లేరనుకుని కర్రలు లాగించాడు గంగారాం. మిక్సర్ మోతలో ఆ కేక కూలి లచ్చయ్యకు వినపడలేదు. స్లాబు కింద నీడన కూర్చుని సద్ది తింటున్నాడతను. పాలమూరు నుంచి వచ్చి ఎనిమిది నెలలు. కర్రలూ పలకలూ మీద పడి అక్కడే పోయాడు. తప్పు నీది కాదని అందరూ అన్నారు. గంగారాం ఆ మాటను ఏనాడూ నమ్మలేదు. అప్పటి నుంచీ తన కళ్లతో మూలమూలా చూశాకే కర్ర ముట్టుకునేవాడు.

ఆటలోనూ చూశాడు. కాని బొమ్మ మెడ తిప్పడం ఆయనకు ఇంకా సరిగ్గా రాలేదు. మైకు మీట నొక్కితేనే తన గొంతు అవతలికి పోతుందనీ తెలియదు. మూడు కేకలూ ఆ పదడుగుల గదిలోనే మోగి ఊరుకున్నాయి.

పన్నెండో కర్ర తీయగానే కప్పంతా కూలింది. ఫోన్లోంచి స్వప్నిల్ గొంతు వినబడింది. "అరే, మర్ గయా, చచ్చిన!"

ఆ తర్వాత చప్పుడు లేదు.

ఫోన్ గంగారాం ఒళ్లో పడింది, తీయబుద్ధి కాలేదు. ఆట అని తెలుసు, బొమ్మ అని తెలుసు. అయినా గుండె వింటుందా? కోమల్ సంచీతో వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని, "పిల్లగాడు కింద ఉండె. నేను చూడలే. కింద ఉండె" అంటున్నాడు.

కోమల్ సంచీ పడేసి ఫోన్ తీసింది. రాళ్ల గుట్ట చూసి ముఖం మాడిపోయింది. "తాతా, ఏం చేసినవ్! ఇది కాంక్రీట్ కాదు, ఎండదు. కర్రలు తీస్తే కప్పు ఉండది! ఆరింటికి తుఫాను..."

"ఆ పోరడు?" అన్నాడు గంగారాం. ఆయనకు కావలసింది అదొక్కటే.

కోమల్ తిట్టబోయి ఆగింది. ఫోన్ ఆయన ముందు పెట్టింది. నది ఒడ్డున స్వప్నిల్ మంచం ఉన్న పాత గుడిసెలోంచి ఎర్ర చొక్కా బొమ్మ ఒకటి గంతులేస్తూ వస్తోంది.

"కాయ్ మేస్త్రీ, పెట్టెలు సర్దుతుంటే నా నెత్తి మీదనే ఏసినవా?" అని పకపక నవ్వాడు స్వప్నిల్.

గంగారాం ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. లచ్చయ్య సంగతి ఈ ఇంట్లో వజ్రమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు కోమల్‌కూ చెప్పాడు, రెండు ముక్కల్లో. ఆమె ఇంకేం తిట్టలేదు. మైకు మీట ఎక్కడుందో చూపించి, పక్కన కూర్చుంది.

"అంత పెద్ద హాలు మళ్లా కాదు. రాయి సగం పగిలిపోయింది, మూడు గంటలు గూడ లేవు" అంది విరార్ నుంచి పూనం, నీరసంగా.

గంగారాం కళ్లు తుడుచుకుని చుట్టూ చూశాడు. గది చూశాడు. జీవితమంతా తిట్టిన గది. పదడుగులకొక గోడ. ఆ గోడే పక్క గదికీ గోడ. నూరేళ్లుగా ఒక్క కర్ర ఆసరా లేకుండా, ఇన్ని వానలు తిని నిలబడే ఉంది.

"హాలు లేదు గీలు లేదు. చాలు కడదాం" అన్నాడు, మీట గట్టిగా నొక్కి పట్టి. "నాలుగు గదులు, వరసగ. గోడకు గోడ ఆసరా. పూనం, నువ్వు రాయి ఏరు. స్వప్నిల్, గోడ లేపు. కోమల్, కట్టెలు తెచ్చి లోపల పొయ్యి పెట్టు. మాటలు బంద్."

పిల్లలకు మేస్త్రీ అంటే ఏమిటో ఆ పూట తెలిసింది. వజ్రమ్మ టీ పెట్టి, గోడ వంకర పోతోందని తనూ ఒక మాట అంది. అందరూ ఆమెను కసిరారు. ఆరింటికి ఐదు నిమిషాలుండగా నాలుగో గదికీ కప్పు వేశారు. ఆరింటికి మంచు వచ్చింది. అరగంట పాటు గాలి కొడుతుంటే నలుగురూ ఒకే గదిలో, మోచేతులు తగిలేలా, పొయ్యి చుట్టూ కూర్చున్నారు. గోడలు కదలలేదు. గాలి ఆగి, ఆటలో తెల్లవారాక పూనం అంది, "యార్, మన పాత రూంలెక్కనే ఉంది." ఎవరూ నవ్వలేదు. మంచిగనే ఉందన్నాడు స్వప్నిల్.

లోకం నిలిచింది. వచ్చే ఆదివారం కలుద్దామని కూడా అనుకున్నారు. కోమల్ ఊపిరి పీల్చుకుని తాత భుజం మీద తల పెట్టింది.

పాత హాలుది ఒక మొండి గోడ, దాని మీద వేలాడే కప్పు ముక్క మిగిలాయి. అలా వదిలేస్తే ప్రమాదమని గంగారాం గొడ్డలి తీసుకుని వెళ్లాడు. మైకు మీట వెతికి నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు.

"కింద ఎవరన్న ఉన్నరా?"

"నేను లేను తాతా, గదిల ఉన్న" అంది కోమల్, పక్కనే కూర్చుని.

"నేను లేను" అంది పూనం, విరార్ నుంచి.

మూడో జవాబు ఆలస్యమైంది. గంగారాం ఆగాడు. ఎంతసేపైనా ఆగేవాడే.

"కింద ఎవ్వరు లేరు మేస్త్రీ" అన్నాడు స్వప్నిల్. "అందరం లోపలనే ఉన్నం. కొట్టు."

గంగారాం గొడ్డలి ఎత్తాడు.