ఊపిరి మాస్టారి తుమ్ము

ఊపిరి మాస్టారికి లోకంలో ఒకటే కంటగింపు: పక్కవాళ్లు ఊపిరి వదలడం. పీల్చుకుంటే పీల్చుకున్నారు, మళ్లీ బయటికి వదలడం దేనికని ఆయన బాధ.

ఆయన విత్తనాల ల్యాబ్‌లో సైంటిస్టు. చిక్కుడుకాయలో గింజ ఇంకా ముదరకముందే దాని లోపల కంటికి కనపడని జీవులు కాపురం పెడతాయి. కొన్ని తల్లి మొక్క నుంచి వస్తాయి, కొన్ని పువ్వులోనే చేరిపోతాయి. ముందు దిగిందెవరు, గింజ ముదిరేసరికి మిగిలిందెవరు అన్నదే ఆయన ఆరా. లేత గింజని కోసి, జెల్లీ పోసిన గాజు పళ్లెంలో పెడితే, లోపలివాళ్లు చుక్కలు చుక్కలుగా పెరిగి బయటపడతారు. ఆ కోసేటప్పుడు ఎవరైనా నోరు తెరిచారో, వాళ్ల నోట్లోవాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు.

"పిలవని చుట్టాలు!" అని మాస్టారు గుండెలు బాదుకునేవారు. అందుకే గుమ్మంలోనే కేక: "ఊపిరి బిగబట్టు!"

బల్బు మార్చడానికి కరెంటు పనాయన వస్తే, "ఆ మీసం బయటపెట్టి రావయ్యా" అన్నారు.

"మీసం ఎలా పెట్టను సార్?"

"అయితే బల్బు ఇక్కడ పెట్టి, మీసం తీసుకెళ్లు."

"పెళ్లిచూపుల్లో మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. పాపం, సిగ్గేమో అనుకున్నా" అని ఆయన భార్య ఇప్పటికీ వాపోతుంది.

అలాంటి మనిషికి గాజు సామాను కడిగే అమ్మాయి తెగ నచ్చింది. ఆమె చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఏం మాట్లాడితే ఎవరు నవ్వుతారోనని నోరే విప్పేది కాదు. "బంగారం లాంటి పిల్ల! అసలు నోరుందో లేదో తెలీదు" అని మురిసిపోయి, గింజలు కోసే పని నేర్పారు.

ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేరు. గింజలు కోస్తూ కోస్తూ ఆమె కూనిరాగం తీసింది. రాగం పాటయింది. ఉక్కపోతకి మాస్కు గడ్డం మీదికి జారింది.

కొన్నాళ్లకి పళ్లేల నిండా పచ్చటి చుక్కలు. ల్యాబ్‌ని నడిపే పెద్ద మేడమ్ వచ్చి చూసి మండిపడ్డారు.

"ఇవి గింజలోవి కావు, మనిషి నోటివి! పూత అయిపోయింది, ఇంత లేత గింజలు మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తాం? ఎవరి పనో చెప్పండి, ఇవాళే ఇంటికి పంపేస్తాను."

ఈ పని పోతే అమ్మాయికి మళ్లీ ఇంట్లో ఆ నాలుగు గోడలే. అయినా ముందుకొచ్చింది. "మేడమ్, నేనే..."

"హాఛ్!"

కిటికీ అద్దాలు అదిరాయి. మాస్టారు!

"నేనేనండీ, తుమ్మాను" అన్నారు.

"మీరా?"

"ముక్కన్నాక తుమ్మదా?"

"కాదు మేడమ్, ఆ రోజు..." అంది అమ్మాయి.

"హాఛ్! చూశారా, ఇంకా తగ్గలేదు."

పాడైంది ఆయన పనే. ఇంక ఆయన్ని ఇంటికి పంపడమేమిటని మేడమ్ ఊరుకున్నారు. "రేపట్నుంచి మీరు కూడా ఊపిరి బిగబట్టండి" అని, నవ్వాపుకుంటూ వెళ్లిపోయారు.

సంగతి ల్యాబంతా పాకింది. కరెంటు పనాయన పనిగట్టుకుని వచ్చాడు. "సార్, ఆ ముక్కు బయటపెట్టి రండి!"

అందరూ వెళ్లాక అమ్మాయి మెల్లగా అడిగింది. "ఆ రోజు మీరు గదిలో లేరు కదా సార్?"

"తలుపవతల ఉన్నా."

"అయితే పాట విన్నారా! మరి ఆపలేదేం?"

మాస్టారు పళ్లేలు సర్దుతూ తల ఎత్తలేదు. "నీ గొంతు వినడం అదే మొదటిసారి తల్లీ. మధ్యలో ఎలా ఆపను? పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డా."

అమ్మాయి మాస్కు కిందికి లాగి, నోరారా నవ్వింది.

"ఇకనుంచి వరండాలో పాడుకో. ఆ మాస్కు పైకి లాక్కో ముందు. మళ్లీ తుమ్మే ఓపిక నాకు లేదు."