నాలుగో డిస్కు

తొంభైల కరువులో ఒక రైతుల సొసైటీలో కంప్యూటరు పని నాది. శనివారంలోగా శెనక్కాయ రైతుల జాబితా తుమకూరు జిల్లా ఆఫీసుకు పోకపోతే వాళ్ళకు విత్తనాలు రావు. కంప్యూటరు నిదానమని మేనేజరు నాలుగో డిస్కు తెప్పించాడు. డిస్కులన్నీ ఒకే దారిన సమాచారం పంపాలి, దాన్ని బస్ అంటారు. అది సెకండుకు మోసేది ఇరవై మెగాబైట్లు. మూడు డిస్కులకే నిండిపోయింది.

“బస్ నిండింది సార్. డిస్కు కాదు, ఇంకో దారి ఇచ్చే కార్డు కావాల,” అన్నాను.

“మన పావగడ బస్సు ఎప్పుడు నిండలేదమ్మా? టాపు మీదికి ఎక్కించు!” అని గుమాస్తాలను నవ్వించాడు.

కార్డు వద్దని నాలుగో డిస్కే పెట్టించాడు, వేగం పెరగలేదు. జాబితా సోమవారం పోయింది. విత్తనాలు రాలేదు. అడగవచ్చిన రైతులతో మేనేజరు, “ఆయమ్మకు మిషను నడిపేది రాదప్పా,” అన్నాడు.

“అబద్ధం. కార్డు వద్దనింది నువ్వే,” అని వాళ్ళ ముందరే అన్నాను. మళ్ళీ ఆ మనిషికి నమస్కారం పెట్టలేదు.