నిమ్మళమక్క రాసిన ఫిర్యాదు

మా ఆసుపత్రి బట్టల గదిలో ఆరబెట్టే యంత్రం ఒక్క వాయికి సరిగ్గా నలభై నిమిషాలు తిరుగుతుంది. ఇంగ్లిషు పరీక్షలో వ్యాసం రాయడానికి ఇచ్చే సమయం కూడా నలభై నిమిషాలే. ఈ సంగతి కనిపెట్టింది నిమ్మళమక్క. మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించుకుని వచ్చేది. "అమ్మాయ్, యంత్రం వెయ్యి" అని, నేను మడతపెట్టిన దుప్పట్ల దొంతర మీద కాగితాలు పెట్టుకుని నిలబడే రాసేది. యంత్రం కూయగానే కలం కింద పెట్టాలి. పదాలు లెక్కపెట్టడం నా పని. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని కాబట్టి ఇంగ్లిషు మాటలకు అర్థాలు అంతగా తెలియవు. లెక్క మాత్రం తప్పను.

అక్క మూడో అంతస్తు వార్డులో నర్సు. అసలు పేరు జీతం కాగితానికే పరిమితం. పద్దెనిమిదేళ్లుగా ఏ రోగి గురించి అడిగినా "నిమ్మళంగానే ఉన్నారు" అంటుంది కనుక అందరికీ నిమ్మళమక్క అయింది. ఒకసారి లిఫ్టులో గంటన్నర ఇరుక్కుపోయింది. తలుపు పగలగొట్టి "ఎలా ఉన్నావు?" అని అడిగితే అప్పుడూ అదే జవాబు.

అలాంటి మనిషికి నలభై ఒకటో ఏట ఓడ ఎక్కాలనిపించింది. దేశాలు తిరిగే ప్రయాణికుల ఓడలో నర్సు ఉద్యోగం. వాళ్లు ఎంపిక చేసేశారు కూడా. ఇంగ్లిషు పరీక్ష ఒక్కటే అడ్డం. వినడం, చదవడం, మాట్లాడటం గట్టెక్కాయి. రాయడంలో మాత్రం రెండుసార్లు బోర్లాపడింది. ఓడ వాళ్లు ఇంకో రెండు నెలలు ఆగుతామన్నారు. ఈసారి తప్పితే ఆ పని వేరే వాళ్లకు వెళ్లిపోతుంది.

ఎందుకు తప్పుతోందో నాకు మొదటి రోజే అర్థమైంది. జంతువులను బోనుల్లో పెట్టి చూపించడం సబబేనా, నీ అభిప్రాయం రెండు వందల యాభై పదాల్లో రాయి అని ప్రశ్న. అక్క పది నిమిషాల్లో ముగించింది. లెక్కపెడితే ముప్పై ఒక్క పదాలు.

"ఇంతేనా అక్కా? ఏం రాశావేంటి?"

తెలుగులో చదివి వినిపించింది. "జంతువులు బోనులో ఉన్నాయి. సింహం నిద్రపోతున్నది. పిల్లలు సంతోషంగా ఉన్నారు. ఒక కోతి సరిగా తినడం లేదు. సంబంధిత వ్యక్తికి తెలియజేయడమైనది."

"మరి నీ అభిప్రాయం?"

"నాదెందుకే మధ్యలో? కోతిని చూసే డాక్టరు వేరే ఉంటాడుగా."

పాపం, ఆమెకు అలవాటైపోయింది. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు అని ఉద్యోగంలో చేరిన రోజే పెద్ద సిస్టర్ చెప్పింది. పెద్ద సిస్టర్ అంటే ఆ వార్డు మొత్తానికీ పై అధికారి. ఆమె జేబులో ఎప్పుడూ ఎర్ర కలం ఉంటుంది. రిపోర్టు పుస్తకంలో "బహుశా" అన్న మాట కనబడితే చాలు, ఆ కలం బయటికి వస్తుంది.

మూడో వారం ఉత్తరం రాయాల్సి వచ్చింది. మీరు దిగిన హోటల్లో సౌకర్యాలు బాగాలేవని మేనేజరుకు ఫిర్యాదు చేయండి అని ప్రశ్న. అక్క చాలాసేపు ఆలోచించి, గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వస్తున్నాయి, ఫిర్యాదులేమీ లేవు అని రాసింది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "హోటలు సంగతి వదిలెయ్. మీ గదిలో ఆ కుర్చీ ఉంది కదా, దాని గురించి రాయి."

నర్సుల గదిలో ఒక కుర్చీకి కాలు పొట్టి. దాని కింద గాజుగుడ్డ మడతపెట్టి ఆరేళ్లుగా నెట్టుకొస్తున్నారు. అందులో కూర్చుని రాస్తే అక్షరాలు అలల్లా వస్తాయి.

"సర్దుకుపోతున్నాంలే" అంది అక్క.

నాకు నలుగురిలో నోరు పెగలదు. కానీ దుప్పటి అడ్డం ఉంటే అది వేరే సంగతి. గదిలో తాడు మీద ఆరేసిన దుప్పటి వెనక్కి వెళ్లి పెద్ద సిస్టర్ గొంతు తీశాను.

"ఏమ్మా, కుర్చీ ఊగుతోందా? ఊయలనుకుని కూర్చో. నాకు మాత్రం తిరిగే కుర్చీ ఎందుకంటావా? మీ అందర్నీ నాలుగు వైపులా చూడొద్దూ!"

దుప్పటి అంచులోంచి చూస్తే అక్క చెవులు ఎర్రబడ్డాయి. కలం కదిలింది. ఇక ఆగలేదు. యంత్రం కూసినా వినిపించుకోలేదు. రెండు వందల పద్నాలుగు పదాలు! చివర అలవాటు కొద్దీ సంతకం చేసి తేదీ, టైము, వార్డు నంబరు వేసింది. అదే అలవాటుతో పైకి వెళ్లి మిగతా రిపోర్టులతో కలిపి అట్టకు తగిలించేసింది.

మర్నాడు మధ్యాహ్నం పెద్ద సిస్టర్ ఆ కాగితం పట్టుకుని బట్టల గదికే వచ్చింది. నేను దుప్పటి వెనక్కి జారుకున్నాను. అక్క చేతిలో అప్పుడే రాసిన సెలవు చీటీ ఉంది. పరీక్ష రోజుకు సెలవు ఇవ్వాల్సింది ఈవిడే.

"ఊయలనుకుని కూర్చోమని నేనెప్పుడన్నాను?"

నేనన్న మాటలు అక్క పొల్లుపోకుండా దించేసింది!

అక్క నా వైపు చూడలేదు. "అన్నట్టు... అనిపించింది మేడమ్."

"అనిపించిందా? పద్దెనిమిదేళ్లలో నీకు ఏదైనా అనిపించడం ఇదే మొదటిసారి కదూ!"

"పరీక్ష కోసం రాసుకున్నాను మేడమ్. ఇలా ఇవ్వండి, చింపేస్తాను."

"సంతకం, టైము పడిన కాగితం చింపుతావా? రూలు తెలీదూ? ఇరవై నాలుగు గంటల్లో దీనికి జవాబు రాయాల్సిన దాన్ని నేను."

సెలవు చీటీ కూడా లాక్కుని వెళ్లిపోయింది.

జవాబు చెప్పిన టైముకు వచ్చింది, ఇంగ్లిషులో, ఒకటిన్నర పేజీ. కుర్చీలో ఏ లోపమూ లేదట. నేల వంకరట. అక్కకు ఒళ్లు మండింది. కుర్చీని ఆరు చోట్ల వేసి చూసి, ప్రతిచోటా ఎంత ఊగిందో స్కేలుతో కొలిచి తిరుగు జవాబు రాసింది. దానికి మళ్లీ జవాబు. అలా రెండు వారాలు నడిచింది. అక్క ఉత్తరాలు ఎర్ర గీతలతో వెనక్కి వచ్చేవి. "కారణం చెప్పావు, ఉదాహరణ ఏది?" అని ఒక చోట, "తిట్టదలచుకుంటే మొదటి పేరాలోనే తిట్టు" అని ఇంకో చోట.

సెలవు చీటీ కూడా అలాగే తిరిగొచ్చింది. "నేనెందుకు ఇవ్వాలి? ఇస్తే వార్డుకు నష్టమేమిటో, ఇవ్వకపోతే నీకు నష్టమేమిటో రెండూ రాసి, చివర నీ మాట తేల్చు."

"ఈవిడ నన్ను ఓడ ఎక్కనివ్వదే!" అంటూ అక్క యంత్రం తనే వేసింది. రెండు వందల ఎనభై ఏడు పదాలు రాసింది. యంత్రం ఆగడానికి ఇంకా రెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి. సాయంత్రానికి ఆ వ్యాసం మీద పెద్ద సిస్టర్ సంతకం పడింది. ఒక్క ఎర్ర గీతా లేదు.

ఓడ వాళ్ల గడువు ఇంకా రెండు రోజులుందనగా ఫలితం వచ్చింది. అక్క ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"పాసయ్యానే! పరీక్షలో భయంతో చచ్చాననుకో. ఆ రెండో ప్రశ్న ఇచ్చినవాడికి బుద్ధుందా అసలు? పక్కన కూర్చున్నవాడు ఒకటే దగ్గు..."

ఆమె నోటి వెంట ఒక్కసారి కూడా నిమ్మళం అన్న మాట రాలేదు. పదాలు లెక్కపెట్టబోయి, ఐదొందల దగ్గర మానేశాను.

అక్క వెళ్లిన రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం పెద్ద సిస్టర్ బట్టల గదికి వచ్చి తలుపు వేసింది. ఆమె చేతిలో ఓడ నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. ఓడలో కుర్చీలు నేలకు బిగించి ఉంటాయట, ఊగేది నేలేనట. ఇన్నాళ్లకు మీ వాదన నిజమైంది మేడమ్, కాకపోతే చోటు తప్పింది, అని రాసింది అక్క. కింద సంతకం, తేదీ, టైము.

"జవాబివ్వాలి. యంత్రం వెయ్యి."

వేశాను. ఆమె దుప్పట్ల దొంతర మీద కాగితం పెట్టుకుంది. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. కలం కదల్లేదు.

"కోపం రావడం లేదమ్మాయ్" అంది. తరువాత ఆరేసిన దుప్పటి వైపు గడ్డంతో చూపించింది. "వెనక్కి వెళ్లు. నా గొంతు తీయగలవని తెలుసులే. దానిది వచ్చా?"

వెళ్లాను. దుప్పటి వెనక నిలబడి, వీలైనంత మెత్తగా అన్నాను.

"అంతా నిమ్మళంగానే ఉంది మేడమ్."

కలం గరగరలాడటం మొదలైంది.