వడ్డేపల్లి లోటలో కొరియా చుక్క

మొన్న గద్వాలలో అక్క ఇంటికి వెళ్తే మగ్గం పక్కన గూట్లో ఒక ఆకుపచ్చ సీసా కనిపించింది. మూత చుట్టూ నూనె జిడ్డు, ఒంటి మీద మనకు రాని అక్షరాలు. బావ అందులో మగ్గానికి వేసే నూనె పోసుకున్నాడు. "గది పారేస్తనంటే కొట్లాటకొస్తడు మీ బావ," అంది అక్క. బావ నేత ఆపకుండానే నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆ సీసా ఆ ఇంటికి వచ్చిన ఎండాకాలం గుర్తుకొచ్చింది.

ఆ ఏడాది అక్క కూతురు, నా మేనకోడలు, హైదరాబాదులో తనతో పనిచేసే వడ్డేపల్లి ఊరి అబ్బాయిని చేసుకుంటానంది. అతని తల్లిదండ్రులు పుణె వైపు వలసపోయి రోడ్డు పనులు చేసినవాళ్ళు; పిల్లవాణ్ణి పెంచింది నాయనమ్మ. కులం వేరు. జరగాలని నేను వేదికలెక్కి గొంతు చించుకునే కులాంతర పెళ్ళి మా ఇంట్లోనే జరగబోతోంది. అక్కను ఒప్పించడానికి వాదనలన్నీ పేర్చుకుని వెళ్ళాను. అక్క అప్పటికే ఒప్పేసుకుంది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం నిరాశే కలిగింది.

చిక్కు వేరేచోట వచ్చింది. రెండిళ్ళ పెద్దలు కలిసి కల్లు తాగితేనే సంబంధం ఖాయమైనట్టని అబ్బాయి నాయనమ్మ, ఆ ముసలమ్మ, కబురంపింది. అక్క ఇంట్లోకి కల్లు రాదు. ఎందుకు రాదో వీధికంతా తెలుసు. ఒకప్పుడు బావ మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డాడు. పొద్దున్నే అది పడకపోతే చేతులు వణికేవి. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే మనిషికి చెయ్యి వణికితే ఇంకేం మిగులుతుంది? మానేసిన తొలి రోజుల్లో దవాఖానాలో మంచానికి కట్టేయవలసి వచ్చింది. ఆ కల్లు మీద నేను ఊరూరా తిరిగి మాట్లాడింది పుస్తకాలు చదివి కాదు, ఆ మంచం పక్కన కూర్చుని. అందుకే ఈ కబురు వినగానే మండిపడ్డాను. చుక్క పడితే తప్ప నిలవని మాట ఒక మాటేనా, ఆ ఆచారానికి ఆధారమేమిటో వాళ్ళనే అడుగుతానన్నాను.

"నువ్వు అడుగు. పిల్ల పెండ్లి ఆగుతది," అంది అక్క.

మేనకోడలు మధ్యే మార్గం కనిపెట్టింది. హైదరాబాదు నుంచి రెండు ఆకుపచ్చ సోజు సీసాలు తెచ్చింది. కొరియావాళ్ళ సారాయి అట. మన సారాయంత ఘాటు లేదు, నీళ్ళలా తేటగా ఉంది. దాంతో కల్లులాంటిది చేస్తానని వంటింట్లో కూర్చుంది. చిక్కటి పెరుగు చిలికి, చక్కెర వేసి, నిమ్మకాయ పిండి, సోజు కలిపి, పైనుంచి చల్లటి సోడా పోసింది. జగ్గు నిండా తెల్లటి నురగ లేచింది. ఊరూరి కల్లు తాగివచ్చినవాడైనా కల్లే అనుకుంటాడు. రెండో జగ్గులో అన్నీ అవే, సోజు మాత్రం లేదు. పుదీనా ఆకు గుర్తు. "పుదీనది నాయినకు. ఎవరికీ తెల్వదు మామా," అంది. కొద్దిగా రుచి చూశాను. బాగానే ఉంది. ఈ సంగతి నా ఉపన్యాసాల్లో ఎక్కడా చెప్పలేదు.

ముసలమ్మ మనవడితో కలిసి వచ్చింది. చాప మీద కూర్చుని, చీరకొంగు మూట విప్పి ఒక ఇత్తడి లోట తీసింది. మా తెలివి అక్కడే బోల్తాపడింది. వాళ్ళ ఆచారంలో ఎవరి గ్లాసు వారిది కాదు. ఒకే లోటలో ఒకరు సగం తాగి, మిగతా సగం రెండోవారికి అందించాలి. ఆ మాట మాకు ముందే ఎవరూ చెప్పలేదు, మేమూ వాళ్ళను అడగలేదు. ఆచారాన్ని ఖండించడానికి అన్నీ సిద్ధం చేసుకున్న నేను, అదేమిటో కనుక్కోవడం మరిచాను.

ఆమె ఆకు లేని జగ్గే అందుకుంది. లోట నింపి ఒక గుక్క వేసింది.

"ఏంది బిడ్డా, చూస్తే కల్లు లెక్కనే ఉన్నది, వాసన లేదు?"

"గిది కొరియా కల్లు అవ్వా."

"కొరియా యాడుంది? రాయచూరు అవతలనా?"

"జర ఇంకా అవతల."

"అంత దూరంకెల్లి తెచ్చినవా! మా ఊరి ఈతచెట్లు పాపం ఏం జేసినయే?" అని సగం తాగి, లోట బావ ముందు పెట్టింది. "పట్టు బిడ్డా. ఇగ ఖాయం."

బావ చేయి చాచాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురి కోసం ఆయన తాగేస్తాడనే అనుకున్నాను. జేబులో రాసిపెట్టుకున్న ప్రసంగం మీదికి నా చెయ్యి వెళ్ళింది. బావ లోట తీసుకుని, మెల్లగా ఆమె ముందే దించాడు.

"అవ్వా, నా బిడ్డను మీ ఇంటికి ఇస్తున్న. నేను మాత్రం ఇది ముట్ట. ముడితే ఇగ ఆగ."

ముసలమ్మ ఆయన చేతులకేసి చూసింది. ఇంటికి కోడలు కాబోయే పిల్లకేసి చూసింది. తర్వాత లేచి గడప దాటి, మిగిలిన సగం మట్టిలో సాక పోసింది. దేవతకు నేల మీద ధార పోయడాన్ని నేనెన్ని సభల్లో ఎద్దేవా చేశానో! ఆవేళ ఆ తడిసిన మట్టిని చూస్తే మొక్కాలనిపించింది.

"ఆ తల్లికి వంతు ముట్టింది," అంటూ వచ్చి కూర్చుంది. "ఆ ఆకులదాంట్ల ఏమున్నది?"

"ఉత్త పెరుగు, సోడా," అన్నాడు బావ.

"గదే పొయ్యిర్రి. లోట ఒక్కటైతే సాలు. గంతకు మొకాలు గట్ల పెట్టిర్రేందిరా, సావుకాడ కూసున్నట్టు?"

ఆమె సగం తాగింది. బావ సగం తాగాడు. లోట కింద పెట్టినప్పుడు చప్పుడైనా కాలేదు. చెయ్యి అంత నిలకడగా ఉంది. అక్క లోపలికి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, భోజనానికి లేవమంది. నా జేబులో ప్రసంగం మడత విప్పకుండానే నలిగిపోయింది. ఏ ప్రసంగం వృథా అయినందుకూ నేనంత హాయిగా ఊపిరి పీల్చుకోలేదు.

ఆచారాలను పగలగొట్టాలనే ఇప్పటికీ వాదిస్తాను. కానీ మగ్గం పక్కన ఆ సీసాను చూసినప్పుడు మాత్రం అనిపిస్తుంది: కాలానికి నా అంత తొందర లేదు, అది పాత్రను అలాగే ఉంచి, లోపలిది మార్చి వెళ్తుంది.