బోదె గట్టున చచ్చిన కప్పలు

అది 2003 జనవరి. రావులపాలెం దగ్గర ఒక ఊళ్ళో పశువుల ఆసుపత్రికి నేను డాక్టరుగా వెళ్ళి రెండేళ్ళయింది. గేదెల ఈతలు, దూడల పారుడు, కోళ్ళ తెగుళ్ళు, ఇవే నా రోజువారీ పని. కప్పల కోసం నన్ను పిలుస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

ఒక ఉదయం సత్యం గారనే రైతు ప్లాస్టిక్ సంచిలో చచ్చిన కప్పల్ని తెచ్చి నా బల్ల పక్కన పెట్టారు. వరి, అరటి పండిస్తారు. గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. తన చేల పక్క పంట బోదెలో, అంటే చేలకు నీళ్ళొచ్చే చిన్న కాలవలో, కొన్నాళ్ళుగా కప్పలు చస్తున్నాయనీ, ఆ నీళ్ళు తాగకుండా గేదెల్ని పాకలో కట్టేశాననీ చెప్పారు. ఎగువ పొలం ఆయన తమ్ముడు రమణ గారిది. పంపకాల నాటి నుంచే ఇద్దరికీ అంతంతమాత్రం. అరటికి కొట్టిన పురుగుమందు డబ్బాలు తమ్ముడు బోదెలో కడిగాడని ఈయన నమ్మకం. అందుకని తన గట్టు మీంచి తమ్ముడి తోటకు వెళ్ళే బండి దారికి ముళ్ళకంప అడ్డం వేశారు. అవతల రమణ గారి గెలలు కోతకొచ్చి ఉన్నాయి.

"విషమేనని మీరొక ముక్క రాసివ్వండి డాక్టరమ్మ గారూ. పోలీసుల దగ్గరకెళ్తాను," అన్నారు.

చూడకుండా రాయలేనని చెప్పి ఆయనతోనే బయల్దేరాను.

ఆ ఏడు చలి ఎక్కువ. అడుగు చప్పుడుకే నీటి మీద గెంతుకుంటూ పోవాల్సిన కప్పలు గట్టు పొడుగునా కాళ్ళు చాపుకుని పడి ఉన్నాయి. ప్రాణమున్న ఒకదాన్ని చేతి తొడుగులతో తీసి వెల్లకిలా పడుకోబెట్టాను. ఆరోగ్యంగా ఉన్న కప్ప రెప్పపాటులో బోర్లా తిరిగిపోతుంది. ఇది పొట్ట పైకి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. తొడల మీద చర్మం పలచటి పొరలుగా ఊడుతోంది. నీళ్ళలో మాత్రం చేపపిల్లలు మామూలుగా తిరుగుతున్నాయి. పురుగుమందు కలిస్తే చేపలు కూడా తేలాలి కదా అన్నాను. సత్యం గారు వినిపించుకోలేదు.

తిరిగి వస్తూ రమణ గారింటి దగ్గర ఆగాను. "మందు కొట్టి నెల దాటిందండి. డబ్బాలు పూడ్చిపెట్టాను. అన్నయ్య అడిగితే చెప్పేవాణ్ణే. అడగలేదండి," అన్నారాయన. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆసుపత్రిలో స్క్రేపింగ్ తీశాను. అంటే చర్మం పై పొరను బ్లేడుతో గీకి, గాజు స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోప్ కింద చూడడం. పశువుల గజ్జికి మేం చేసే పరీక్షే. గుండ్రటి చిన్న సంచుల్లాంటివి గుంపులుగా కనిపించాయి. ఫంగస్ అనిపించింది గానీ, నాకు తెలిసిన రకం కాదు. మా పాత ప్రొఫెసరు గారికి ఫోన్ చేశాను. కప్పల చర్మానికి పట్టే ఒక ఫంగస్ వేరే దేశాల్లో కొన్నిచోట్ల కప్పల్ని ఊడ్చిపెడుతోందని ఈమధ్యే చదివానన్నారు. కప్ప నీళ్ళు తాగేది చర్మంతోనే. ఒంట్లో ఉప్పులు నిలబడేదీ దానివల్లే. అది చెడితే చివరికి గుండె ఆగిపోతుంది. ఇది అదేనని స్లైడ్ చూసి ఖాయం చేయలేమని కూడా హెచ్చరించారు. నమూనాలు పెద్ద ల్యాబ్‌కి పంపాను. దారిలోనే పాడయ్యాయని కబురొచ్చింది.

అన్నదమ్ములిద్దర్నీ బోదె దగ్గరకు రమ్మన్నాను. నాకు తెలిసిందీ తెలియనిదీ రెండూ చెప్పాను. గేదెలకు భయం లేదన్నాను. ఇది చర్మవ్యాధే అయితే తడి వలలతో, బురద కాళ్ళతో, ఒకచోటి నీళ్ళు మరోచోట పోయడంతో పాకుతుందన్నాను.

"మందేంటండి?" అని అడిగారు సత్యం గారు.

"బోదెలో ఉన్న కప్పలకి వేసే మందు లేదండి."

ఆయన నీళ్ళకేసి చూస్తూ అన్నారు, "మరి తప్పెవరిదంటారు?"

"ఎవరిదో నాకు తెలీదండి. మీ తమ్ముడిదని మాత్రం అనలేను."

సత్యం గారు కండువా నడుముకి చుట్టుకుని వెళ్ళి ముళ్ళకంప లాగడం మొదలుపెట్టారు. కాసేపటికి రమణ గారు రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి దాన్ని గట్టు పక్కకు ఈడ్చేశారు. దారి తెరుచుకున్నాక చచ్చిన కప్పల్ని ఏరి, గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. ఆ తర్వాత చేపపిల్లలు పట్టేవాళ్ళు వస్తే, వలలు ఎండలో ఆరాకే ఆ బోదెలో దించనిచ్చారు.

ఎండలు ముదిరాక చావులు ఆగాయి. ఆ ఫంగస్ వేడికి తట్టుకోలేదని ప్రొఫెసరు గారు అన్నదానికి ఇది సరిపోతుంది గానీ, రుజువు కాదు. మళ్ళీ నమూనా పంపుదామంటే కొత్తగా చచ్చిన కప్ప దొరకలేదు.

వానలు పడ్డాక ఒక సాయంత్రం, ఈనలేక అవస్థ పడుతున్న సత్యం గారి గేదెని చూడ్డానికి వెళ్ళాను. దాని తల పట్టుకుని నిలబడింది రమణ గారే. దూడ బయటపడ్డాక చేతులు కడుక్కుంటుంటే, ఈ ఏడు బోదె పలకడం లేదని సత్యం గారు మెల్లగా అన్నారు. నేనూ చెవి పెట్టి విన్నాను. వాన చప్పుడే గానీ, ఒక్క కప్ప అరుపూ లేదు.

ఆ కేసులో నేను బతికించిన కప్ప ఒక్కటీ లేదు. రోగం పేరు కూడా ఇప్పటికీ ధీమాగా చెప్పలేను. కానీ కారణం దొరకని చోట మనుషులు ముందు పక్కవాడి కేసే చూస్తారని అక్కడ తెలిసింది. ఆ తర్వాత ఏ పశువు చచ్చిందని ఎవరొచ్చినా, "నాకింకా తెలీదండి, చూసి చెప్తాను" అనడానికి మొహమాటపడలేదు. ఆ కాస్త వ్యవధిలో ఎవరి దారికీ కంప పడకుండా ఉంటే, అదీ నా పనిలో భాగమే.