కోర్టులో నన్ను కాదన్న చిన్నమ్మ

పోయిన వారం పొద్దున్నే బద్వేలు నుంచి ఫోన్ వచ్చింది. చిన్నమ్మ కొడుకు. "అక్కా, అమ్మ ల్యాదు" అన్నాడు. నిద్రలోనే పోయిందట. నేను ఎవరి కూతురిగా ఏడవాలో తెలియక ఫోన్ పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. నన్ను కన్నది ఆమె. పెంచింది ఆమె అక్క, ఎమ్మిగనూరులో మా అమ్మ.

అమ్మకు పిల్లలు లేరు. నేను పాలు మరిచే ఈడులో చిన్నమ్మా, ఆమె భర్తా నన్ను తెచ్చి అమ్మానాన్నలకు దత్తత ఇచ్చారు. అక్కచెల్లెళ్ల మధ్య కాగితమెందుకని ఏమీ రాసుకోలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ నా దగ్గర దాచలేదు.

చిన్నమ్మ ఏడాదికోసారి మంత్రాలయం పోతూ మా ఇంట్లో దిగేది. చెనిక్కాయల ఉండలు తెచ్చేది. అవి నా చేతిలో పెట్టేది కాదు. "అక్కా, పాపకు పెట్టు" అని అమ్మకిచ్చేది. జడ వేయమని దగ్గరికి పోతే మీ అమ్మతో వేయించుకోపో అనేది. మగ్గం గుంట పక్కన కూర్చుని నాన్న నేత చూస్తూ, మధ్యమధ్య నన్ను చూసేది. నేను చూస్తే తల తిప్పుకునేది.

అమ్మ పోయింది. కొన్నేళ్లకు నాన్నా పోయాడు. ఆయన పెద్దకర్మ అయిన కొద్దిరోజులకే పెదనాన్న కొడుకులు కోర్టుకెక్కారు. నేను సాకిన పిల్లనే తప్ప దత్తత వచ్చిన బిడ్డను కాననీ, తాతల నాటి ఇంట్లో, మగ్గాల కొట్టంలో నాన్న వాటా నాకు రాదనీ వాళ్ల వాదన. వాళ్లతో ఒక కంచంలో తిని పెరిగినదాన్ని నేను.

కాగితం లేకపోయినా ఫర్వాలేదన్నాడు మా వకీలు. కన్నవాళ్లు బిడ్డను ఇవ్వడం, పెంచుకునేవాళ్లు తీసుకోవడం రుజువైతే చాలట. అప్పుడు కన్నబిడ్డకున్న హక్కే నాకూ ఉంటుంది. కానీ ఆ ఇచ్చిపుచ్చుకున్నవాళ్లలో మిగిలింది చిన్నమ్మ ఒక్కతే.

సాక్ష్యం చెప్పడానికి ఆమె ఆదోని కోర్టుకు వచ్చింది. ముందురోజు వకీలు ఇంకో సంగతి కూడా చెప్పాడు. దత్తత రుజువైతే చట్టం లెక్కన కన్నవాళ్ల ఇంటితో నా బంధం తెగినట్టే, అక్కడి ఆస్తిలో నేను వాటా అడగలేను. చిన్నమ్మ, "అంటే సామీ, ఆ పాపకు నేను ఏమీ కానా?" అని అడిగింది. తాను ఆస్తి గురించే చెబుతున్నానన్నాడు ఆయన.

మర్నాడు అవతలి వకీలు ఆమెను గుచ్చిగుచ్చి అడిగాడు. పేదరికంలో సాకలేక అక్క దగ్గర వదిలారే గానీ దత్తత ఇవ్వలేదు కదా అన్నాడు. చిన్నమ్మ బోను కమ్మీ పట్టుకుని నిలబడింది.

"సాకల్యాక ఇడ్సలేదు సామీ. నేనూ మా ఇంటాయనా ఇద్దరమూ ఎత్తి మా అక్క ఒడిలో పెట్టినాము. ఈ పొద్దు నుంచి నీ బిడ్డ అని చెప్పినాము. కనింది నేనే, నిజమే. ఇచ్చినాక నా కూతురు కాదు."

చివరి మాట నా వైపు చూడకుండా చెప్పింది. నేను వెనక బెంచీ మీద ఉన్నాను. ఆ మాటే నాకు ఇల్లు నిలబెట్టిందని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మాత్రం బయటికి పోయి గోడ పక్కన నిలబడి ఏడ్చాను.

సాయంత్రం బస్టాండులో అరటిపండ్లు కొంది. ఎవరి చేతికిద్దామా అన్నట్టు అలవాటుగా పక్కకు చూసింది. అమ్మ లేదు కదా. మా ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టి తినమంది. కొంచెంసేపటికి, "నీదానికి నువ్వు గట్టిగా నిలబడల్ల పాపా" అంది. అంతలో బద్వేలు బస్సు వచ్చింది.

తీర్పు నా పక్షాన వచ్చింది. ఫోన్‌లో చెబితే, "మా అక్క ఉంటే శానా సంతోషపడతాండె" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా మా ఇంటికి రాలేదు. మేము కలిసి ఉండగా చూస్తే పెదనాన్న కొడుకులు మళ్లీ కేసు తిరగదోడతారేమోనని ఆమె భయమట. ఆమె కొడుకు చెప్పాడు. నిరుడు ఆమెకు జబ్బు చేసినప్పుడు ఆసుపత్రికి పోయాను. నేను ఏమవుతానని నర్సు అడిగితే, ఆయాసంలోనూ తనే జవాబు చెప్పింది: "మా అక్క కూతురు."

పోయిన వారం ఆ ఫోన్ వచ్చాక నేను బద్వేలు చేరేసరికి ఆమెకు స్నానం చేయించబోతున్నారు. నీళ్లు పోయడానికి కూతుర్లు ఎవరన్నా ఉన్నారా అని ఒక ముసలామె అడిగింది. చిన్నమ్మ కొడుకు వచ్చి చెంబు నా చేతికిచ్చి పక్కకు జరిగాడు. నేను ఆమె కాళ్ల దగ్గర నిలబడి నీళ్లు పోశాను. ఆమె బొటనవేలి పక్కవేలు పొడుగు, కొసన కొంచెం లోపలికి వంగి ఉంటుంది. నాదీ అంతే. తడి బండ మీద ఆమె పాదాలు, పక్కనే నావి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆ నాలుగు పాదాలనూ చూస్తూ ఉండిపోయారు.